తాళంలో తాళం

నిధి అనే మాట చెవిన పడగానే తెలుగువారికి మొదట తలపునకు వచ్చేవి లంకెబిందెలు. గొలుసుతో కలిపిన రెండు బిందెల నిండా వరహాలు, వాటిమీద పడగ విప్పిన పాము, కలలో కనబడి చోటు చెప్పే పూర్వీకుడు - ఇలాంటి కథలు వినకుండా పెరిగినవారు మనలో తక్కువ. ఆ కథలలో నిధి దక్కేది అదృష్టవంతునికి. బుద్ధికి అక్కడ పెద్దగా పని లేదు.

ఇరవయ్యవ శతాబ్దం చివరి భాగంలో ఐరోపాలోనూ, అమెరికాలోనూ మరొక రకం నిధివేట ప్రచారంలోకి వచ్చింది. ఒక రచయిత విలువైన వస్తువు నొకదానిని రహస్యంగా భూమిలో పాతిపెడతాడు. ఆ చోటును ఒక పుస్తకంలోని బొమ్మలలో, పద్యాలలో, అంకెలలో దాచి ప్రకటిస్తాడు. పుస్తకం కొన్న వారెవరైనా ఇంట్లో కూర్చుని, కాగితం, పెన్సిలు, ఒక పటం దగ్గర పెట్టుకుని ఆ చోటును కనుగొనవచ్చు. గడ్డపారతో పని చిట్టచివరిది. అదీ కొద్దిసేపటి పని. అందువల్లనే దీనిని పడకకుర్చీ నిధివేట అనవచ్చు.

ఈ చిక్కులకు ఒక ప్రత్యేకత ఉన్నది. ఒక గూఢలిపిని విప్పితే వెంటనే సమాధానం రాదు. మరొక గూఢలిపి వస్తుంది. దానిని విప్పితే ఒక పొడుపుకథ. ఆ పొడుపును విప్పితే ఒక స్థలం పేరు. పెట్టెలో పెట్టె, తాళంలో తాళం. ఇటువంటి పొరల చిక్కును విడదీసేవానికి కావలసిన మొదటి గుణం మెరుపువంటి తెలివి అని మనము అనుకుంటాము. ఈ వేటల చరిత్రను తరచి చూస్తే అంతకంటె అరుదైన గుణమొకటి అవసరమని తెలుస్తుంది. తాను కనుగొన్నది ఏదో, తాను కల్పించుకొన్నది ఏదో వేరుచేసి చూడగల నిజాయితీ అది. ఆ గుణం లోపించినవారు ఏళ్లకు ఏళ్లు పోగొట్టుకున్నారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు.

బంగారు కుందేలు

1979లో ఇంగ్లండులో కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు 'మాస్కరేడ్' అనే పుస్తకం ప్రకటించాడు. అందులో 15 వర్ణచిత్రాలు, వాటితో పాటు ఒక చిన్న కథ ఉన్నాయి. చంద్రుడు సూర్యునికి పంపిన ఆభరణాన్ని ఒక కుందేలు మోసుకుపోతూ దారిలో పోగొట్టుకుంటుంది. ఇంతే కథ. ఆ ఆభరణం మాత్రం కల్పన కాదు. విలియమ్స్ స్వయంగా 18 క్యారట్ల బంగారంతో, రత్నాలు పొదిగి, ఒక కుందేలు బొమ్మను చేశాడు. లోహాన్ని పసిగట్టే యంత్రాలకు చిక్కకుండా దానిని కాల్చిన మట్టితో చేసిన పెట్టెలో ఉంచి, 1979 ఆగస్టులో ఒక రాత్రి రహస్యంగా పాతిపెట్టాడు. సాక్షిగా వెంట వెళ్లినవాడు బ్యాంబర్ గాస్కాయిన్. బ్రిటిషు టెలివిజన్‌లో విద్యార్థుల విజ్ఞాన పోటీలు నిర్వహించి పేరు పొందినవాడాయన.

పుస్తకం లక్షలాదిగా అమ్ముడుపోయింది. జనం పలుగులు, పారలు పట్టుకుని దేశమంతటా బయలుదేరారు. గ్లాస్టర్‌షైర్ ప్రాంతంలో హేర్స్‌ఫీల్డ్ బీకన్ అనే కొండ ఉన్నది. ఆ పేరులోని మొదటి మాటకు ఇంగ్లీషులో కుందేలు అని అర్థం. ఆ ఒక్క ఆధారంతో అక్కడికి వచ్చి తవ్వినవారు ఇందరని చెప్పలేము. చివరకు కుందేలు అక్కడ లేదని తెలిపే ఫలకాన్ని విలియమ్స్ తన ఖర్చుతో పెట్టించవలసి వచ్చింది.

అసలు రహస్యం ఎలా నిర్మించబడిందో చూస్తే పొరల చిక్కు అంటే ఏమిటో స్పష్టమవుతుంది. ప్రతి చిత్రం చుట్టూ అక్షరాలతో ఒక అంచు ఉన్నది. చిత్రంలోని ప్రాణి ఎడమ కంటి నుంచి ఎడమ చేతి పొడవైన వేలి మీదుగా గీత గీస్తే ఆ గీత అంచులోని ఒక అక్షరాన్ని తాకుతుంది. అదే కంటి నుంచి ఎడమ కాలి పొడవైన వేలి మీదుగా గీస్తే మరొక అక్షరం. ఆ తరువాత కుడి కన్ను, కుడి చేయి, కుడి కాలు. ఈ విధంగా ఒక్కొక్క చిత్రం నుంచి ఒకటి రెండు మాటలు వస్తాయి. ఇది మొదటి పొర.

పదిహేను చిత్రాల మాటలను వరుసగా చేర్చితే ఒక వాక్యం ఏర్పడుతుంది. కేథరీన్ పొడవైన వేలి నీడ భూమి మీద పడే చోట పసుపుపచ్చని తాయెత్తు పాతబడి ఉన్నదనీ, విషువత్తు నాటి మధ్యాహ్నం ఆ చోటును చూపుతుందనీ దాని సారాంశం. ఇది రెండవ పొర. కేథరీన్ ఎవరు? ఆమె వేలు ఏది? వాక్యం ఆ సంగతి చెప్పదు. అయితే పదిహేను చిత్రాల నుంచి వచ్చిన మాటల మొదటి అక్షరాలను మాత్రం కూర్చితే 'క్లోజ్ బై ఆంప్‌థిల్', అనగా ఆంప్‌థిల్‌కు చేరువలో, అనే ఇంగ్లీషు మాటలు వస్తాయి. ఇది మూడవ పొర.

ఆంప్‌థిల్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఒక చిన్న పట్టణం. ఎనిమిదవ హెన్రీ తన మొదటి భార్య అయిన ఆరగాన్ రాకుమారి కేథరీన్‌ను విడనాడదలచినపుడు ఆమె కొంతకాలం అక్కడి కోటలో గడిపింది. కోట ఇప్పుడు లేదు. ఆమె స్మృతికై 1773లో నిలిపిన శిలువ స్తంభం అక్కడి ఉద్యానవనంలో నేటికీ ఉన్నది. ఆ స్తంభమే కేథరీన్ పొడవైన వేలు. విషువత్తు అంటే పగలు, రాత్రి సమానంగా ఉండే రోజు. ఆనాడు సూర్యుడు భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటాడు గనుక ఏ ఊరిలోనైనా మధ్యాహ్నపు సూర్యుని ఎత్తు, తొంభై డిగ్రీల నుంచి ఆ ఊరి అక్షాంశం తీసివేస్తే వచ్చేదే. ఆంప్‌థిల్ అక్షాంశం సుమారు 52 డిగ్రీలు. అంటే సూర్యుడు 38 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నీడ స్తంభం ఎత్తుకు ఒకటింబావు రెట్లకు కొంచెం మించి ఉంటుంది. స్తంభం ఎత్తు తెలిసినవారు నీడ కొస ఎక్కడ పడుతుందో ఆ రోజు వచ్చేదాకా ఆగకుండానే లెక్కవేయవచ్చు.

ఈ నిర్మాణంలో మెచ్చుకొనవలసిన సంగతి ఒకటున్నది. చిత్రాల నుంచి తీసిన మాటలలో ఒక్కటి తప్పినా మొదటి అక్షరాల వరుస చెడిపోతుంది. ఊరి పేరు రాదు. ఊరి పేరు వచ్చిందంటే వెనుకటి పని అంతా సరైనదని రుజువు. ఆ ఊరిలో కేథరీన్ పేరిట స్తంభం ఉన్నదంటే రుజువుకు మరొక రుజువు. కింది పొర పై పొరకు సాక్ష్యం చెబుతుంది. నిజమైన పొరల చిక్కు లక్షణం ఇదే.

గెలిచినవాడు, విప్పినవారు

1982 మార్చిలో విలియమ్స్‌కు ఒక లేఖ వచ్చింది. అందులో ఆంప్‌థిల్ స్థలాన్ని సూచించే ఒక గీతచిత్రం ఉన్నది. ఆ లేఖ వ్రాసిన వ్యక్తి కెన్ థామస్ అనే పేరుతో వచ్చి కుందేలును తీసుకుపోయాడు. కొద్ది రోజులకే ఇద్దరు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల నుంచి మరొక లేఖ అందింది. అందులో చిక్కు మొత్తం, మొదటి గీత నుంచి చివరి నీడ వరకు, విప్పి ఉన్నది. వారు అప్పటికే ఆ చోట తవ్వారు కూడా. మట్టితో కలిసిపోయిన పెట్టెను గుర్తించక వెనుదిరిగారు. వారు తీసి పోసిన మట్టికుప్పలోనే మొదటివానికి కుందేలు దొరికిందని చెబుతారు.

1988లో లండను 'సండే టైమ్స్' పత్రిక అసలు కథ బయటపెట్టింది. కెన్ థామస్ అనేది మారుపేరు. అతనికి చిక్కు విప్పడం తెలియదు. విలియమ్స్‌కు ఒకప్పుడు సన్నిహితురాలైన ఒకామె ద్వారా ఆంప్‌థిల్ ప్రస్తావన అతని భాగస్వామి చెవిన పడింది. ఆ పలుకుతోనే పని నడిచింది. అదే సంవత్సరం కుందేలు సోథెబీస్ వేలంపాటలో 31,900 పౌండ్లకు అమ్ముడుపోయింది. దానిని మళ్లీ కొనుక్కోవాలని వెళ్లిన విలియమ్స్ పాట తన శక్తికి మించి పోవడం చూసి విరమించుకున్నాడు.

నిధి ఒకరిది, విజయం మరొకరిది. కుందేలు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా, ఆ పదిహేను చిత్రాల చిక్కు విప్పిన ఖ్యాతి ఆ ఉపాధ్యాయులదే.

మన ఇంటి గూఢలిపి

ఒక పొర మరొక పొరకు సాక్ష్యం చెప్పడం అనే సంగతి మనకు కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లు కటపయాది సూత్రంతో కట్టబడినవని సంగీతం నేర్చినవారికి తెలుసు. క నుంచి ఝ వరకు వరుసగా ఒకటి నుంచి తొమ్మిది. ట నుంచి ధ వరకు మళ్లీ ఒకటి నుంచి తొమ్మిది. ప నుంచి మ వరకు ఒకటి నుంచి అయిదు. య నుంచి హ వరకు ఒకటి నుంచి ఎనిమిది. ఞ, న అక్షరాలకు సున్న. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి, వాటిని తిరగవేసి చదివితే మేళం సంఖ్య వస్తుంది. ఇది రెండు పొరల గూఢలిపి. అక్షరం అంకెగా మారడం ఒకటి, అంకెల వరుస తిరగబడడం రెండవది.

ధీరశంకరాభరణం చూడండి. ధ తొమ్మిది, ర రెండు, 92. తిరగవేస్తే 29. శంకరాభరణం 29వ మేళమే. తిరగవేయడం మరచినవాడు 92 దగ్గర ఆగుతాడు. మేళాలు 72 మాత్రమే గనుక తన పొరపాటు తనకే తెలిసిపోతుంది.

ఇప్పుడు మేచకల్యాణి తీసుకోండి. మ అయిదు, చ ఆరు, 56. తిరగవేస్తే 65. కల్యాణి 65వ మేళం. ఇక్కడ తిరగవేయడం మరచినవానికి 56 వస్తుంది. అది 72 లోపలిదే. పైగా 56వ మేళం షణ్ముఖప్రియ, అందరూ ఎరిగిన గొప్ప రాగం. తప్పు దారిన పోయినవానికి ముళ్లకంప ఎదురు కాలేదు. చక్కని మండువా ఇల్లు ఎదురయింది! లోపలికి పోయి కూర్చుంటే అది తన ఇల్లే అనుకుంటాడు. అతనిని లేపగలిగేది మూడవ సాక్ష్యం ఒక్కటే. కల్యాణిలో అంతర గాంధారం, కాకలి నిషాదం ఉంటాయి. షణ్ముఖప్రియలో సాధారణ గాంధారం, కైశికి నిషాదం ఉంటాయి. పాడి చూస్తే తేలిపోతుంది. అంకె మాత్రమే చూసి తృప్తిపడినవానికి తేలదు.

ఈ చిన్న ఉదాహరణలో పెద్ద వేటల విషాదమంతా ఇమిడి ఉన్నది. తప్పు సమాధానం అర్థరహితంగా కనబడితే ఎవరూ మోసపోరు. అది అర్థవంతంగా కనబడుతుంది. అందంగా కూడా ఉంటుంది.

వర్జీనియా అంకెలు

1885లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఒక చిన్న పుస్తకం వెలువడింది. బీల్ అనేవాడు 1820 ప్రాంతంలో బంగారం, వెండి, రత్నాలు బెడ్‌ఫర్డ్ జిల్లాలో పాతిపెట్టి, మూడు గూఢలేఖలు ఒక సత్రం యజమాని దగ్గర ఉంచి వెళ్లి తిరిగి రాలేదని అందులోని కథ. లేఖలన్నీ అంకెలే. రెండవ లేఖకు తాళపుచెవి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అని ఆ పుస్తకమే చెబుతుంది. ప్రకటనలోని మాటలకు వరుసగా సంఖ్యలు వేసి, లేఖలోని ప్రతి అంకెకు బదులు ఆ మాట మొదటి అక్షరం వ్రాస్తే అర్థం వస్తుంది. నిధిలో ఏమేమి ఉన్నదీ అది చెబుతుంది. చోటు చెప్పవలసినది మొదటి లేఖ. దాని తాళపుచెవి నేటికీ ఎవరికీ దొరకలేదు. తరాల తరబడి జనం ఆ కొండలు తవ్వారు.

1980లో జేమ్స్ గిలోగ్లీ అనే గూఢలిపి నిపుణుడు ఒక విచిత్రమైన పని చేశాడు. మొదటి లేఖకు కూడా ఆ స్వాతంత్ర్య ప్రకటననే తాళపుచెవిగా పెట్టి చూశాడు. అర్థమైన వాక్యం రాలేదు. అయితే ఒకచోట ఇంగ్లీషు అక్షరమాల ఇంచుమించు వరుసగా వచ్చింది. పొడవైన వరుస అది. అర్థం లేని అంకెల గుంపులో అటువంటి వరుస తనంతట తాను రావడం దాదాపు అసంభవం. అంకెలు కూర్చినవాడు ప్రకటన దగ్గర పెట్టుకుని, తోచిన వరుసలో మాటలు ఎంచి అంకెలు నింపాడనీ, లేఖలో దాచిన సందేశమే ఉండకపోవచ్చుననీ గిలోగ్లీ అభిప్రాయపడ్డాడు. దీనికి ఇతర సమాధానాలు చెప్పినవారూ ఉన్నారు. కాని ఆయన అడిగిన ప్రశ్న గమనించదగినది. ఈ తాళం ఎలా తెరవాలని కాక, దీని వెనుక గది ఉన్నదా అని ఆయన అడిగాడు. తెరవాలనే ఆత్రంలో ఉన్నవానికి ఆ ప్రశ్న తోచదు.

వేట వ్యసనమైతే

కుందేలు దొరికిందని ప్రకటన వెలువడిన తరువాత కూడా కొందరు తమ వేట మానలేదు. తమ లెక్క తప్పు కాదనీ, ప్రకటనే ఒక ఎత్తు అనీ వాదించారు. విలియమ్స్‌కు వచ్చిన వేలాది ఉత్తరాలు చదివిన గాస్కాయిన్ 1983లో ఆ వేట కథను గ్రంథంగా వ్రాశాడు. పోలికలు పట్టుకొనే శక్తి మనిషి మనసుకు ఎంత ఉన్నదో, తన్ను తాను మోసగించుకొనే శక్తి కూడా అంతే ఉన్నదని ఆయన తేల్చిన సారాంశం.

ఫ్రాన్సులో 1993లో మొదలైన 'బంగారు గుడ్లగూబ' వేట ఇందుకు మరొక నిదర్శనం. మాక్స్ వాలెంటిన్ అనే కలంపేరుతో ఒకాయన చిక్కుప్రశ్నలు కూర్చగా, మిషెల్ బెకెర్ అనే కళాకారుడు వాటికి చిత్రాలు వేశాడు. ప్రశ్నలు పదకొండు, ఏ ప్రశ్న తరువాత ఏది చదవాలన్నది కూడా ఒక చిక్కే. కంచు గుడ్లగూబ పాతిపెట్టబడింది. దానిని తెచ్చినవారికి బంగారు, వెండి గుడ్లగూబ బహుమానం. రచయిత 2009లో మరణించాడు. గుడ్లగూబ 2024 అక్టోబరులో బయటపడింది. 31 సంవత్సరాలు! పడుచుతనంలో మొదలుపెట్టినవారికి జుట్టు నెరిసింది.

అమెరికాలో బైరన్ ప్రైస్ 1982లో ప్రకటించిన 'ది సీక్రెట్' సంగతి ఇంకా విచారకరం. పన్నెండు చిత్రాలు, పన్నెండు పద్యాలు, పన్నెండు చోట్ల పాతిన పన్నెండు పెట్టెలు. ఏ చిత్రానికి ఏ పద్యం జోడో కనుగొనడం మొదటి పొర. 1983లో చికాగోలో, 2004లో క్లీవ్‌లండ్‌లో, 2019లో బోస్టన్‌లో ఒక్కొక్క పెట్టె దొరికింది. 2005లో ప్రైస్ రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఇంతలో ఊళ్లు మారాయి, ఉద్యానవనాలు పునర్నిర్మించబడ్డాయి. చిక్కు కూర్చేవాడు తన కాలంలోని ఒక చెట్టును, ఒక గోడను సాక్షిగా నమ్ముకుంటే, ఆ సాక్షి చచ్చిపోయిన తరువాత న్యాయం చెప్పేవారు ఉండరు. కేథరీన్ స్తంభాన్నీ, సూర్యుణ్ణీ సాక్షులుగా పెట్టుకున్న విలియమ్స్ దూరదృష్టి ఇక్కడ బోధపడుతుంది.

అన్నింటికంటె ఘోరమైనది ఫారెస్ట్ ఫెన్ పెట్టె కథ. ఈయన న్యూ మెక్సికోలో కళాఖండాల వ్యాపారి. రాకీ పర్వతాలలో బంగారు నాణేలున్న పెట్టె దాచి, 2010లో అచ్చువేసిన తన పుస్తకంలో 24 పాదాల పద్యమొకటి ఇచ్చాడు. అందులో తొమ్మిది ఆనవాళ్లు ఉన్నాయన్నాడు. పద్యం మామూలు మాటలలోనే ఉన్నది. అయినా దానిలో అంకెలు, అక్షరాల తారుమారులు, పటాల మీద గీతలు వెదకినవారికి లెక్కలేదు. తమ సమాధానం తప్పదని నమ్మి నదులలో దిగినవారు, మంచుకొండలు ఎక్కినవారు ఉన్నారు. కనీసం అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. 2020 జూన్‌లో పెట్టె వయోమింగ్ రాష్ట్రంలో దొరికింది. అదే ఏడు సెప్టెంబరులో ఫెన్ మరణించాడు. చనిపోయినవారిని కొండల్లోకి పంపినది పేరాశ ఒక్కటే కాదు. ఇంట్లో కూర్చుని చేసిన ఊహను ఇంట్లోనే పరీక్షించకపోవడం కూడా.

ఊహను పరీక్షించే విధం

మరి ఇంట్లో కూర్చుని పరీక్షించడం ఎలా? ఇంతవరకు చెప్పుకున్న కథల నుంచి కొన్ని సూత్రాలు ఏరవచ్చు.

మొదటిది, ఒకే నియమం అన్నిచోట్లా పని చేయాలి. కంటి నుంచి వేలికి గీత అనే నియమం పదిహేను చిత్రాలలోనూ నడిచింది. మొదటి చిత్రానికి ఒక నియమం, రెండవదానికి మరొకటి, మూడవదానికి ఒక మినహాయింపు కావలసి వస్తే, చిక్కు విడిపోవడం లేదు. మనమే కొత్త చిక్కు అల్లుతున్నాము.

రెండవది, మనము చేసిన ఎంపికలను లెక్కపెట్టుకోవాలి. ఒక్కొక్క మెట్టు దగ్గర పది దారులున్నాయని, మెట్లు అయిదని అనుకుందాము. అప్పుడు సాధ్యమైన సమాధానాలు లక్ష. లక్ష సమాధానాలలో ఏదో ఒకటి ఊరి పేరుగానో, మన పుట్టినరోజుగానో కనబడకపోతేనే ఆశ్చర్యం. కనబడడం వింత కాదు. నియమం ముందుగా నిర్ణయించుకుని, ఎంపికకు తావు లేకుండా నడచినపుడు వచ్చిన అర్థానికే విలువ.

మూడవది, వచ్చిన సమాధానాన్ని మరొక దిక్కు నుంచి అడగాలి. 56 అనే అంకెను గాంధారం అడిగినట్లు. అంచు అక్షరాలు ఇచ్చిన వాక్యాన్ని మొదటి అక్షరాల వరుస బలపరచినట్లు. బలపరచే సాక్ష్యం మన ఊహ నుంచి పుట్టినది కాకూడదు. వేరుగా వచ్చి కలవాలి.

నాలుగవది, ఏది కనబడితే నా ఊహ తప్పని ఒప్పుకుంటానో ముందుగా కాగితం మీద వ్రాసుకోవాలి. ఇది అన్నింటికంటె కష్టమైన పని. ఆ పంక్తి వ్రాయలేనివాడు తన ఊహను ప్రేమిస్తున్నాడు. ప్రేమించినవానికి పరీక్షాధికారి పదవి తగదు.

అయిదవది, మనము వేసిన మెట్లు మరొకరికి ఇవ్వాలి, సమాధానం మాత్రం చెప్పకూడదు. వారు స్వతంత్రంగా నడచి మన చోటికే వస్తే దారి ఉన్నట్లే. ప్రతి మలుపులో మనము చేయి పట్టి లాగవలసి వస్తే ఆ దారి మన తలలోనే ఉన్నది.

చివరిది, కాలానికి హద్దు. బీల్ కథ అచ్చువేసినవాడే పాఠకులను ముందుగా హెచ్చరించాడు. జీవనాధారమైన పనులు పోను మిగిలిన తీరికనే దీనికి కేటాయించమనీ, తీరిక లేనివారు దీని జోలికే పోవద్దనీ అతని సలహా. అతడు చెప్పిన నిధి నిజమో కాదో గాని, ఆ సలహా మాత్రం మేలిమి బంగారం.

మన రాళ్ల మీది గుర్తులు

ఇదంతా తీరిక ఉన్న దేశాలవారి వినోదమని తోసిపుచ్చడానికి వీలులేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ గుప్తనిధుల కోసం పాత గుడులు, కోటలు, బురుజులు తవ్వుతూ పట్టుబడినవారి వార్తలు పత్రికలలో తరచుగా చూస్తూనే ఉన్నాము. అక్కడ పుస్తకం లేదు, పద్యం లేదు. రాతి మీద కనబడిన గుర్తే వారికి గూఢలిపి. దానశాసనాల తలమీద సూర్యచంద్రులను చెక్కడం పూర్వపు ఆచారం. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం చెల్లుతుందని దాని అర్థం. ఒక చెరువుకో, ఒక దేవాలయానికో, ఒక బ్రాహ్మణునికో ఇచ్చిన భూమికి అది హామీ. అందరూ చూడాలని, అందరికీ తెలియాలని బహిరంగంగా నిలిపిన రాయి అది. దానిని నిధి ఆనవాలుగా చదివినవాడు ఏమీ దాచని చోట రహస్యాన్ని చదువుతున్నాడు. అతని గడ్డపార దెబ్బకు నిజమైన నిధి, అనగా ఆ రాతి మీది అక్షరం, పగిలిపోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినవారు ఆ సంగతి కలెక్టరుకు తెలియజేయాలి. దాచుకుంటే నేరం.

చిక్కుప్రశ్నల మీద మక్కువ ఉన్న పాఠకులు నిరుత్సాహపడనవసరం లేదు. మన పెద్దలు అరవైనాలుగు కళలను లెక్కించినపుడు గూఢలిపిలో వ్రాయడాన్నీ, చదవడాన్నీ వాటిలో ఒకటిగా చేర్చారు. వాత్స్యాయనుని జాబితాలో దాని పేరు మ్లేచ్ఛిత వికల్పం. కళ అన్నారు గనుక దానికి సాధన ఉన్నది, శిక్షణ ఉన్నది, శ్రుతి ఉన్నది. శ్రుతి తప్పినపుడు ఆగి సరిచేసుకొనేవాడే గాయకుడు. ఒక సాయంకాలం తీరికగా కూర్చుని మేళకర్త పేర్లు నాలుగు తీసుకుని అంకెలు కట్టి చూడండి, తిరగవేసి చూడండి, తరువాత ఆ రాగాన్ని పాడించుకుని సరిచూడండి. అంకె, రాగం ఒకదానితో ఒకటి కలిసినపుడు మనసులో చిన్న చప్పుడు వినిపిస్తుంది. తాళం తెరుచుకున్న చప్పుడు అది. ఒకసారి దానిని విన్నవారికి, తెరుచుకోని తాళాన్ని తెరుచుకున్నదని నమ్మబుద్ధి కాదు.